తుపాను తరువాత పొరుగువారి హక్కు

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు ‘హుద్‌హుద్’ తుపాను విశాఖపట్నం సమీపాన తీరం దాటింది. అప్పటికి బక్రీదు పండుగ జరిగి ఆరు రోజులే అయింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి ఉత్తరాంధ్ర జిల్లాలను అతలాకుతలం చేసింది. కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి, ఫోనులు మూగపోయాయి, రోడ్లకు అడ్డంగా మహావృక్షాలు పడిపోయాయి. ఆ తుపాను శేషమే రెండు రోజుల తరువాత నేపాల్ హిమాలయాలకు చేరి, మంచు తుపానుగా మారి, అక్కడ నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఈ తుపానుకు ఆ పేరు ఇచ్చినది ఒమన్ దేశం. బంగాళాఖాతంలోను, అరేబియా సముద్రంలోను పుట్టే తుపానులకు, ఈ ప్రాంతపు దేశాలు ముందుగా ఇచ్చుకున్న జాబితాల నుండి వరుసగా పేర్లు పెడతారు. హుద్‌హుద్ అనేది తలపై తురాయి గల ఒక చిన్న పిట్ట. ఖుర్ఆన్ పఠించే వారికి ఆ పేరు కొత్తది కాదు. నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలై) వృత్తాంతంలో ఆ పిట్ట కనిపిస్తుంది. సులైమాన్ (అలై) తన పక్షి సైన్యాన్ని పరికించి చూసినప్పుడు హుద్‌హుద్ ఒక్కటే లేని సంగతి ఆయన గుర్తించారు. కొంతసేపటికి అది తిరిగి వచ్చి, సబా దేశం నుండి నిశ్చయమైన వార్త తెచ్చానని విన్నవించింది. అయినా ఆయన ఆ వార్తను వెంటనే నమ్మలేదు. అది సత్యమో అసత్యమో చూస్తామని చెప్పి, దాని చేతనే లేఖ పంపి పరిశీలించారు.

ఈ చిన్న వృత్తాంతంలో మూడు పనులు ఉన్నాయి. కనిపించని వారు ఎవరో గుర్తించటం మొదటిది. నిశ్చయమైన వార్త తేవటం రెండవది. ఆ వార్తను సరిచూడటం మూడవది. మొదటి పనికి ఖుర్ఆన్ వాడిన మాట ‘తఫఖ్ఖుద్’ ధాతువు నుండి వచ్చింది. లేని దానిని వెతికి తెలుసుకోవటం అని దాని భావం. తుపాను వెళ్ళిన మరునాడు ఒక ఊరిలో జరగవలసిన పనులు కూడా సరిగ్గా ఈ మూడే. పొరుగువారి హక్కులను గురించి ఇస్లాం బోధించిన వాటిలో అధిక భాగం ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

కనిపించే నష్టం, కనిపించని నష్టం

ఈ విషయాన్ని చోడవరం దాపున ఉన్న గోవాడ వంటి ఊరిని ఎదురుగా పెట్టుకొని ఆలోచిస్తే స్పష్టపడుతుంది. తుపాను నాటికి అది విశాఖపట్నం జిల్లాలోనిది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. గోవాడ అనగానే ఆ ప్రాంతం వారికి గుర్తుకు వచ్చేది సహకార చక్కెర కర్మాగారం. చుట్టుపట్ల ఊళ్ళకు దశాబ్దాలుగా చెరకే జీవనాధారం. అనకాపల్లి బెల్లం బజారు దేశంలోని పెద్ద బెల్లం బజారులలో ఒకటి.

అక్టోబరు మాసంలో చెరకు మనిషి ఎత్తు దాటి, గడలు బరువెక్కి, కోతకు దగ్గర పడుతూ ఉంటుంది. అప్పుడు పెనుగాలి వీస్తే గడలు మొదలంటా ఒరిగి ఒకదానిపై ఒకటి పడిపోతాయి. వరి నీట మునిగితే ఆ నష్టం వారంలో తేలిపోతుంది. పడిపోయిన చెరకు అటువంటిది కాదు. దూరం నుండి చూసిన వారికి పొలం పచ్చగానే ఉంటుంది. కాని నేలనంటిన గడకు కణుపుల వద్ద పక్క మొలకలు వస్తాయి, వేళ్ళు పుడతాయి, రసంలో చక్కెర తగ్గుతుంది, ఎలుకలు గడలను కొరుకుతాయి. నరకటానికి కూలీలు ఎక్కువ కావాలి. గడలను లేపి జడచుట్లు వేసి కట్టుకోగలిగితే కొంత పంట దక్కుతుంది. కాని అది ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. అది కూడా కొద్ది రోజులలో జరగాలి. కనుకనే ఒకరి పొలంలో మరొకరు బదులుకు పని చేసుకోవటం ఆ సమయంలో ఒక మర్యాద మాత్రమే కాదు, పంటను దక్కించుకొనే మార్గం.

ఇక పొలం లేని వారి సంగతి మరొకటి. చెరకు నరికే కూలీ, గానుగ వద్ద బెల్లం వండే మనిషి, బండి తోలేవాడు, వీధిలో చిన్న దుకాణం పెట్టుకున్న వితంతువు — వీరి ఇంటి కప్పు నిలిచే ఉండవచ్చు. వారి నష్టం ఏ ఫోటోలోనూ పడదు. పని దొరకని ఇరవై రోజులు, తీరని అప్పు, తాకట్టులోకి వెళ్ళిన ముక్కుపుడక — ఇవి లెక్కలు రాసుకొనటానికి వచ్చిన ఉద్యోగికి కనిపించవు. పక్కింటి వారికి మాత్రమే తెలుస్తాయి.

పొరుగు అంటే ఎవరు?

నిసా సూరా 36వ ఆయత్‌లో అల్లాహ్ ఆరాధనను, తల్లిదండ్రుల ఎడల సద్వర్తనను ఆజ్ఞాపించిన వెంటనే బంధువులను, అనాథలను, నిరుపేదలను పేర్కొని, ఆ తరువాత మూడు రకాల పొరుగువారిని చెప్పటం జరిగింది: సమీపపు పొరుగువాడు, దూరపు పొరుగువాడు, పక్కన ఉండే సహచరుడు. దూరపు పొరుగువాడు అంటే బంధుత్వం లేనివాడు అని కొందరు, పరధర్మం వాడు అని కొందరు వ్యాఖ్యాతలు వివరించారు. ఏ అర్థం తీసుకున్నా హక్కు మాత్రం నిలిచే ఉంటుంది. జిబ్రీల్ (అలై) పొరుగువాని గురించి పదే పదే తాకీదు చేస్తూ ఉండటం చూసి, చివరకు పొరుగువానిని వారసునిగా కూడా చేస్తారేమోనని దైవప్రవక్త (స) భావించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది.

పొరుగు ఎంతవరకు? నాలుగు వైపులా నలభై ఇళ్ళ వరకు అని ఇమామ్ ఔజాయీ, ఇమామ్ జుహ్రీ వంటి తొలితరం పండితులు చెప్పారు. తమకు ఇద్దరు పొరుగువారు ఉన్నారని, కానుక ఎవరికి పంపాలని హజ్రత్ ఆయిషా (ర) అడిగినప్పుడు, ఎవరి గుమ్మం దగ్గరగా ఉంటే వారికి అని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ జవాబులో తుపాను నాటికి పనికివచ్చే గొప్ప వివేకం ఉన్నది. సహాయం గుమ్మం నుండి గుమ్మానికి సాగాలి. దూరాన ఉన్న శిబిరానికి బియ్యం బస్తాలు పంపి, గోడ అవతల పొయ్యి వెలగలేదని తెలియని వాడు క్రమం తప్పినవాడు.

ఉత్తరాంధ్రలో ముస్లింల సంఖ్య చాలా తక్కువ. అనేక గ్రామాలలో ఒక ముస్లిం ఇంటికి నలువైపులా నలభై ఇళ్ళు లెక్కిస్తే, వాటిలో దాదాపు అన్నీ ముస్లిమేతరులవే అవుతాయి. ఇక్కడ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర) ఆచరణ జ్ఞాపకం ఉంచుకోదగినది. ఇంట మేకను కోసినప్పుడు ఆయన మొదట అడిగిన ప్రశ్న, యూదుడైన పొరుగువానికి పంపారా అని. జిబ్రీల్ (అలై) తాకీదును గురించిన హదీసును ఆయన ఆ సందర్భంలోనే వినిపించారు. అనగా, ఆ హదీసు విన్న సహాబీ దానిని ముస్లిం పొరుగువానికి మాత్రమే పరిమితం చేయలేదు.

ముగ్గురు వివేకవంతుల సాక్ష్యం

హజ్రత్ కబీసా బిన్ ముఖారిఖ్ (ర) చెప్పిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఇతరులను యాచించటం ముగ్గురికి తప్ప ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) అందులో వివరించారు. మొదటివాడు ఇతరుల తగాదా తీర్చటానికి బాకీ నెత్తిన వేసుకున్నవాడు. రెండవవాడు విపత్తు వచ్చి ఆస్తి తుడిచిపెట్టుకుపోయినవాడు; అతడు మళ్ళీ నిలదొక్కుకొనేవరకు అడగవచ్చు. మూడవవాడు లేమిలో పడినవాడు; అతని లేమి నిజమేనని అతని జనంలోని ముగ్గురు వివేకవంతులు చెప్పాలి.

రెండవవానికి సాక్షులు అక్కరలేదు, మూడవవానికి కావాలి. ఈ తేడా ఎందుకు? హదీసు వ్యాఖ్యాతలు దీనికి చెప్పిన కారణం సులభంగా బోధపడుతుంది. విపత్తు బహిరంగమైనది. ఎగిరిపోయిన కప్పు, నేలకొరిగిన తోట తమకు తామే సాక్ష్యం చెబుతాయి. లేమి అంతరంగమైనది. దానిని బయటపెట్టటానికి ఆ మనిషిని ఎరిగిన వారి నోరు కావాలి.

తుపాను తరువాత తయారయ్యే ప్రభుత్వ జాబితాలు, స్వచ్ఛంద సంస్థల జాబితాలు మొదటి రకం నష్టాన్ని పట్టుకోగలవు. ఎంత నిజాయితీగా తయారు చేసినా రెండవ రకాన్ని పూర్తిగా పట్టుకోలేవు. అది జాబితా దోషం కాదు, దాని స్వభావం. ఆ లోటును పూడ్చటానికే ధర్మం పొరుగువానికి సాక్షి స్థానం ఇచ్చింది. బఖరా సూరా 273వ ఆయత్‌లో, అభిమానం వలన చేయి చాపని పేదల ప్రస్తావన ఉన్నది. తెలియనివారు వారిని కలిగినవారే అనుకుంటారు. ఎరిగినవారు ముఖం చూసి గుర్తిస్తారు. ఆ ఎరిగినవారు పొరుగువారు కాక మరెవరు కాగలరు?

ఐతే సాక్ష్యానికి రెండు అంచులు ఉన్నాయి. తెలిసిన సాక్ష్యాన్ని దాచటం హృదయాన్ని పాపభరితం చేస్తుందని అదే సూరాలోని 283వ ఆయత్ హెచ్చరిస్తుంది. పేరు రాయించుకొనటం చేతగాని వృద్ధురాలి పక్షాన ఒక్క మాట చెప్పక ఊరుకొనటం ఈ కోవకే వస్తుంది. మరొక వైపు, పడని ఇంటిని పడిందని, లేని పంటను పోయిందని చెప్పటం అబద్ధపు సాక్ష్యం. దైవప్రవక్త (స) మహాపాపాలను లెక్కించేటప్పుడు అబద్ధపు సాక్ష్యం వద్దకు వచ్చేసరికి, ఆనుకొని ఉన్నవారు లేచి కూర్చొని ఆ మాటను పదే పదే చెప్పారు. ప్రభుత్వం డబ్బే కదా, ఎవరికీ నష్టం లేదు అనే వాదన ఇక్కడ నిలువదు. నష్టపరిహారానికి కేటాయించిన సొమ్ము అపరిమితం కాదు. ఒక దొంగ పేరు జాబితాలోకి ఎక్కితే ఒక నిజమైన పేరు కిందికి జారిపోతుంది.

చిన్న వస్తువుల పెద్ద పరీక్ష

మాఊన్ సూరా చాలా చిన్నది. పిల్లలు కూడా నమాజులో చదువుతారు. తీర్పు దినాన్ని తిరస్కరించేవాడు ఎవరో చెబుతూ, అనాథను గెంటివేసేవానితో అది మొదలవుతుంది. నమాజు ఎడల అలసత్వాన్ని, ప్రదర్శన బుద్ధిని నిందిస్తుంది. చివరకు ‘మాఊన్’ ఇవ్వని వారి ప్రస్తావనతో ముగుస్తుంది. మాఊన్ అంటే ఏమిటి? దైవప్రవక్త (స) కాలంలో చేద, వంటపాత్ర వంటివి ఎరువు ఇవ్వటాన్ని తాము మాఊన్‌గా పరిగణించేవారమని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (ర) తెలిపారు. జకాత్ అని కూడా కొందరు అర్థం చెప్పారు.

మామూలు రోజులలో చేద ఇవ్వటం చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. హుద్‌హుద్ తరువాత రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు తిరగదు కనుక కుళాయికి నీరు రాదు. అప్పుడు చేతిపంపు ఉన్న ఇంటి వారి గేటు తీసి ఉన్నదా మూసి ఉన్నదా అనేది వీధి మొత్తానికి ముఖ్యమైన ప్రశ్న అయింది. గొడ్డలి, కత్తి, పలుగు, తాడు, నిచ్చెన, టార్చిలైటు, జనరేటరు ఉన్న చోట ఫోనుకు చార్జింగు — ఇవన్నీ ఆ వారంలో మాఊనే. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ముస్లింలు భాగస్వాములని అబూ దావూద్ నమోదు చేసిన హదీసు ఉన్నది. సొంత పాత్రలో పట్టి ఉంచుకున్న నీరు సొంతమే. అయినా దప్పిగొన్నవానికి మిగులు నీరు నిరాకరించటాన్ని ధర్మం తీవ్రంగా గర్హించింది.

ఆ రోజులలో పాలు, తాగునీరు, కూరగాయలు, పెట్రోలు ధరలు అనేక చోట్ల అమాంతం పెరిగాయి. సరుకు దాచి ధర పెరిగేదాకా ఆగటం ‘ఇహ్తికార్’. అది పాపి చేసే పని అని సహీహ్ ముస్లింలోని హదీసు భావం. రవాణా ఖర్చు పెరిగి ధర పెరగటం వేరు, పొరుగువాని ఆకలిని చూసి ధర పెంచటం వేరు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో దుకాణదారుని మనస్సుకు తెలుసు.

గాలి తెచ్చిన తగాదాలు

పెనుగాలి ఇళ్ళను మాత్రమే కాదు, సరిహద్దులను కూడా కలగాపులగం చేస్తుంది. ఒకరి కప్పు రేకులు మరొకరి పొలంలో పడతాయి. ఒకరి కొబ్బరిచెట్టు మరొకరి వంటింటిపై కూలుతుంది. వీటి గురించి ధర్మశాస్త్రం చెప్పినది తెలిసి ఉంటే తగాదాలు సగం తగ్గుతాయి.

గాలికి ఎగిరి వచ్చి ఒకరి ఆవరణలో పడిన వస్తువు దొరికినవాని సొత్తు కాదు. అది అతని చేతిలో అమానత్. యజమాని ఎవరో తెలిస్తే తెలియజేయాలి, తెలియకపోతే ప్రకటించాలి. విరిగిన రేకే కదా అని తన పశువుల పాకకు కొట్టుకొనటం తగదు.

ఇక చెట్టు సంగతి. ఒరిగిన గోడను గురించి హనఫీ ధర్మశాస్త్రవేత్తలు చేసిన చర్చ ఇందుకు ఉపయోగపడుతుంది. వీధివైపుకో పొరుగువానివైపుకో గోడ ఒరిగి ఉన్నప్పుడు, దానిని తీసివేయమని యజమానికి చెప్పినా అవకాశం ఉండి కూడా అతడు తీయక, తరువాత అది కూలి నష్టం జరిగితే అతడు బాధ్యుడు. నిటారుగా ఉన్న గోడ హఠాత్తుగా వచ్చిన గాలికి కూలితే బాధ్యుడు కాడు. ఇదే సూత్రాన్ని చెట్టుకు అన్వయిస్తే, తుపానుకు కూలిన బలమైన చెట్టు యజమానిని నష్టపరిహారం అడగటం న్యాయం కాదు. కాని ఎండి, ఒరిగి, పొరుగువాడు ముందే హెచ్చరించిన చెట్టు విషయం వేరు. బాధ్యత లేని చోట కూడా మంచితనం మిగిలే ఉంటుంది. కూలిన చెట్టును తొలగించి, పక్కింటి కప్పు మీద నాలుగు పెంకులు సర్దటానికి చేయి వేసిన వానితో ఎవరూ తగాదా పడరు.

పొలాలలో నిలిచిన నీరు మరొక తగాదా. నీరు తన వాలున తాను పోతే ఎవరి తప్పూ లేదు. తన పంటను కాపాడుకొనటానికి గట్టు తెగగొట్టి నీటిని పొరుగువాని పంట మీదికి మళ్ళించటం మాత్రం హాని. హాని చేయరాదు, హానికి ప్రతిహాని కూడా చేయరాదు అనే ప్రవక్త బోధ (స) ధర్మశాస్త్రానికి మూల స్తంభాలలో ఒకటి.

కౌలుదారు పంట ఎవరిది?

ఈ విషయంలో అన్నింటికంటే కఠినమైన ప్రశ్న ఇది. పొలం ఒకరిది, కౌలుకు తీసుకొని పంట పెట్టినది మరొకరు. రికార్డులో భూయజమాని పేరు ఉంటుంది. పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము సాధారణంగా రికార్డును అనుసరించి పోతుంది. అప్పు తెచ్చి విత్తనపు గడలు, ఎరువు కొన్నది కౌలుదారు; పరిహారం యజమాని ఖాతాకు. ఈ అన్యాయాన్ని తగ్గించటానికే ఆంధ్రప్రదేశ్‌లో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. 2019 చట్టం క్రింద సాగుదారు పత్రానికి పదకొండు నెలల ఒప్పందం, దానిపై యజమాని సంతకం అవసరమయ్యాయి. భూమిపై హక్కు పోతుందేమోనన్న భయంతో సంతకానికి వెనుకాడినవారు ఎందరో. కాగితం లేని నోటిమాట కౌలు అట్లే కొనసాగింది.

చట్టం చేరని చోట ధర్మం ఏమంటుంది? పరిహారం పంట నష్టానికి ఇచ్చినది. పంట ఎవరిదో నష్టం వారిదే, కావున పరిహారం కూడా వారిదే. అది యజమాని ఖాతాలో పడినా అతని చేతిలో అమానత్ మాత్రమే. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించండని నిసా సూరా 58వ ఆయత్ ఆజ్ఞ. కౌలుదారు ఎదిరించలేని బీదవాడు, కాగితం లేనివాడు అనే కారణాల వలన ఈ ఆజ్ఞ బలం తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

రెండవ ప్రశ్న, పంట పోయిన సంవత్సరం కౌలు చెల్లించాలా? అమ్మిన పండ్ల తోటపై విపత్తు పడితే కొన్నవాని నుండి ధర తీసుకొనటం తగదని, ఏ హక్కుతో సోదరుని ధనం తీసుకుంటావని ప్రశ్నించే హదీసును హజ్రత్ జాబిర్ (ర) ద్వారా ఇమామ్ ముస్లిం నమోదు చేశారు. విపత్తును అరబ్బీలో ‘జాయిహా’ అంటారు. ఈ హదీసును ఇమామ్‌లు భిన్నంగా అర్థం చేసుకున్నారు. ఇమామ్ మాలిక్ మతంలో నష్టం మూడవ వంతుకు చేరితే ధర తగ్గించాలి. ఇమామ్ అహ్మద్ మతంలో తగ్గింపు విధి. తోట కొన్నవాని స్వాధీనంలోకి పోయిన తరువాత అది విధి కాదు, ఉత్తమ ప్రవర్తన అని హనఫీ పండితుల అభిప్రాయం. ఇది అమ్మకం విషయం. భూమి కౌలు విషయంలో, పంట సమూలంగా నాశనమై మళ్ళీ అటువంటి పంట వేయటానికి వీలులేకపోతే, నాశనమైన నాటి నుండి మిగిలిన కాలానికి కౌలు రద్దవుతుందని హనఫీ గ్రంథాలలోనే ఉన్నది. ఇబ్ను తైమియా విపత్తు తగ్గింపు సూత్రాన్ని కౌలుకు కూడా వర్తింపజేశారు.

పంటలో వాటా పద్ధతి మీద ఇచ్చినప్పుడు ఈ చిక్కు లేదు. వచ్చినది ఇద్దరిదీ, పోయినది ఇద్దరిదీ. స్థిరమైన కౌలు పద్ధతిలోనే భారమంతా ఒకని మీద పడుతుంది. ఇమామ్‌ల అభిప్రాయాలలో తేడా ఉన్నప్పటికీ ఒక్క విషయంలో తేడా లేదు: కష్టంలో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వాలి, వదిలివేస్తే మరింత మేలు. బఖరా సూరా 280వ ఆయత్ చెప్పేది ఇదే.

ఉన్నదానిని ఒక్కచోట చేర్చటం

అష్అరీ తెగవారిని దైవప్రవక్త (స) ఒక గుణం కొరకు ప్రశంసించారు. ప్రయాణంలోనో పట్టణంలోనో ఆహారం కొరవడినప్పుడు, వారు తమ తమ వద్ద ఉన్నదంతా ఒక వస్త్రంలో పోసి, ఒకే కొలపాత్రతో సమానంగా పంచుకొనేవారు. వారు నావారు, నేను వారివాడను అనే భావం వచ్చేటట్లు ఆయన (స) సెలవిచ్చారు. తుపాను తరువాత వీధిలో పెట్టే ఉమ్మడి పొయ్యికి ఇంతకంటే గొప్ప ఆధారం అక్కరలేదు.

ఖుర్బానీ మాంసం విషయం మరింత సూటిగా వర్తిస్తుంది. ఒక సంవత్సరం దైవప్రవక్త (స) మాంసాన్ని మూడు రోజులకు మించి నిలువ ఉంచుకొనరాదని నిషేధించారు. మరుసటి సంవత్సరం అనుమతించారు. కారణం ఆయనే వివరించారు: ఆ ఏడు జనం కష్టంలో ఉన్నారు, వారికి తోడ్పాటు కావలసివచ్చింది. తన ఇంట ఎంత నిలువ ఉంచుకోవచ్చు అనే ప్రశ్నకు జవాబు ఆ సంవత్సరం పొరుగువాని పరిస్థితిని బట్టి మారింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణాలు తీసినప్పుడు, బక్రీదు దాని తరువాత రెండు మూడు రోజులకే వచ్చింది. 2014లో బక్రీదు తుపానుకు ఆరు రోజుల ముందు వచ్చింది. రెండు సందర్భాలలోనూ ఈ హదీసు విశ్వాసుల ఎదుట నిలిచిన ప్రశ్నే.

హిజ్రీ 18వ సంవత్సరంలో అరేబియాలో ఘోరమైన కరువు వచ్చింది. దానిని ‘రమాదా’ సంవత్సరం అంటారు. ప్రజలకు నెయ్యి దొరికే వరకు హజ్రత్ ఉమర్ (ర) నెయ్యి ముట్టలేదు. జకాత్ వసూలును వాయిదా వేశారు. కరువు తొలగకపోతే, కలిగిన ప్రతి ఇంటికి ఆ ఇంట ఎందరు ఉన్నారో అందరు పేదలను జతచేసి ఉండేవాడనని, ఒకరి కూడు ఇద్దరు పంచుకుంటే ఎవరూ చనిపోరని ఆయన అభిప్రాయపడ్డారు.

సహాయానికి వెచ్చించే ధనం విషయంలో ఒక వివరణ అవసరం. హనఫీ మతం ప్రకారం జకాత్ ముస్లిం పేదలకు ఇవ్వాలి. తుపానులో సర్వం కోల్పోయినవాడు, అప్పులలో మునిగినవాడు దానికి అర్హుడు. ఐచ్ఛికమైన సదఖా మాత్రం ఏ ధర్మం వానికైనా ఇవ్వవచ్చు, పుణ్యంలో లోటు లేదు. కావున జకాత్ సొమ్మును, సదఖా సొమ్మును వేరువేరుగా లెక్క పెట్టి, వీధి అంతటికీ పెట్టే భోజనం, నీరు, దుప్పట్లు సదఖా నుండి ఇవ్వటం మేలైన పద్ధతి. అట్లే ఇల్లు కూలిన ముస్లిమేతర పొరుగువానికి మస్జిదు ఆవరణలో తలదాచుకొన చోటివ్వటానికి సంకోచించనక్కరలేదు. ఇస్లాం స్వీకరించక ముందే సఖీఫ్ తెగ ప్రతినిధులకు దైవప్రవక్త (స) తమ మస్జిదులోనే విడిది ఇచ్చారు.

చేయరాని వ్యాఖ్య

విపత్తు తరువాత కొందరు, ఫలానా ఊరివారి పాపం వలన ఇది వచ్చిందని వ్యాఖ్యానిస్తారు. బఖరా సూరా 155వ ఆయత్‌లో భయం, ఆకలి, ధన ప్రాణ నష్టం, పంటల నష్టం ఇవన్నీ పరీక్షలుగా పేర్కొనబడ్డాయి. గాలిని తిట్టవద్దని కూడా దైవప్రవక్త (స) బోధించారు. ఎవరి నష్టం శిక్షయో ఎవరిది పరీక్షయో నిర్ణయించే జ్ఞానం మనిషికి ఇవ్వబడలేదు. తన విషయంలో ఆత్మపరీక్ష చేసుకొనటం భక్తి. పొరుగువాని కూలిన ఇంటి ముందు నిలబడి అతని పాపాలు లెక్కించటం భక్తి కాదు. పరీక్ష కప్పు ఎగిరిపోయిన వానికే కాదు, కప్పు నిలిచిన వానికి కూడా. వాస్తవానికి రెండవవాని ప్రశ్నపత్రమే కఠినమైనది.

తుపాను ఏదైనా అది దాటిన తరువాత ఫజ్ర్ నమాజుకు వరుసలో ఎవరు లేరో చూడటంతో తఫఖ్ఖుద్ మొదలు కావచ్చు. అక్కడితో ఆగక నలువైపులా నలభై ఇళ్ళకు అది పోవాలి. ఏ ఇంట పొయ్యి వెలగలేదు, ఎవరి పంట ఎవరి పేరున ఉన్నది, ఎవరు అడగలేక ఊరుకున్నారు — ఈ వార్తను హెలికాప్టరు నుండి చూసినవారు తేలేరు, జాబితా తేలేదు. హజ్రత్ సులైమాన్ (అలై) కొలువులో అన్ని బలాలూ ఉండగా, నిశ్చయమైన వార్త తెచ్చినది ఒక చిన్న పిట్ట. ప్రతి వీధిలో అటువంటి వార్త తేగలవాడు ఒక్కడే ఉన్నాడు. అతడు పక్కింటివాడు. ఆ బాధ్యతను గుర్తెరిగి నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ అందరికీ ప్రసాదించుగాక!